జోన్ వచ్చింది సరే, మందు సంగతేంటి?

వేపాకుకి బ్యాక్టీరియా చస్తుంది. తులసికి చస్తుంది. కరక్కాయకి, దానిమ్మ తొక్కకి, వావిలాకుకి, నేలవేముకి, ఆఖరికి పొలం గట్టున ఎవరూ పట్టించుకోని గడ్డి చేమంతికి కూడా చస్తుంది. ల్యాబ్ ప్లేటులో పోసి చూస్తే ఏదో ఒక సూక్ష్మజీవిని ఎంతోకొంత అడ్డుకోని మొక్క దొరకడమే కష్టం. తెలుగు రాష్ట్రాల్లో మైక్రోబయాలజీ, బోటనీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ... ఏ పీజీ విభాగం బీరువా తెరిచినా ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టులు కనిపిస్తాయి. ఖర్చు తక్కువ. మొక్క ఊళ్లోనే దొరుకుతుంది. ఫలితం మర్నాడు పొద్దునకల్లా కంటికి కనిపిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. మరి ఇన్నేళ్లుగా ఇన్ని మొక్కలకు ఇన్ని క్రిములు చస్తుంటే, న్యుమోనియాకో టైఫాయిడ్‌కో డాక్టరు రాసే యాంటీబయాటిక్స్‌లో మొక్క నుంచి వచ్చింది ఒక్కటైనా ఎందుకు లేదు?

ఇది అతిశయోక్తి కాదు. పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్, వాంకోమైసిన్ మట్టిలో బతికే సూక్ష్మజీవులు ఇచ్చినవి. సల్ఫా మందులు, సిప్రోఫ్లాక్ససిన్ రసాయనశాలలో తయారైనవి. అలాగని మొక్కలు తక్కువ తిన్నాయా అంటే, లేదు. మలేరియాకు సింకోనా బెరడు క్వినైన్ ఇచ్చింది, చైనా మాచిపత్రి జాతి మొక్క ఆర్టెమిసినిన్ ఇచ్చింది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు మన పెరటి బిళ్ల గన్నేరు విన్‌క్రిస్టిన్ ఇచ్చింది. బ్యాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొక్కల ఖాతా దాదాపు ఖాళీ. చైనాలో విరేచనాలకు మొక్కల్లో దొరికే బెర్బెరిన్ బిళ్లలు అమ్ముతారు గానీ, అది పేగు దాటి రక్తంలోకి పెద్దగా చేరదు.

ఈ చరిత్రలో మనవారొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. మూలికల మీద ఆయనకు చిన్నచూపు ఉండే అవకాశం లేదు. అయినా లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు యాంటీబయాటిక్ కోసం ఆయన బృందం వెతికింది మట్టిలో. అందులో పనిచేసిన బెంజమిన్ డుగ్గర్‌కు మిస్సోరీ నుంచి తెచ్చిన మట్టి నమూనాలో ఆరియోమైసిన్ దొరికింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దది. ఆ సంగతి లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు.

ప్లేటు మీద ఏం జరుగుతుంది?

ల్యాబ్‌లో ఆ ప్లేటు పరీక్ష చేసేటప్పుడు పక్కన నిలబడి చూస్తే, విద్యార్థులకు అదంటే ఎందుకంత ఇష్టమో అర్థమవుతుంది. ముల్లర్-హింటన్ అగార్ పొడిని నీళ్లలో కలిపి, ఆటోక్లేవ్‌లో పెట్టి తీసి, చెయ్యి పట్టగలిగే వేడికి దిగాక ప్లేట్లలో పోస్తారు. గడ్డకట్టిన పొర మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. పలచగా పోస్తే జోన్ ఉత్తినే పెద్దదవుతుంది, మందంగా పోస్తే కుంచించుకుపోతుంది. ఇంతలో బ్యాక్టీరియాను సెలైన్‌లో కలుపుతారు. ఎంత కలపాలన్నదానికి ఒక కొలత గొట్టం ఉంటుంది, దాన్ని 0.5 మెక్‌ఫర్లాండ్ అంటారు. నల్లగీతలున్న కార్డు ముందు రెండు గొట్టాలూ పక్కపక్కన పట్టుకుని మసక సరిపోయిందో లేదో చూస్తారు. సరిపోయిందంటే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలున్నట్టు.

దూదిపుల్లను అందులో ముంచి, గొట్టం గోడకు అదిమి, ప్లేటంతా రుద్దుతారు. ప్లేటును 60 డిగ్రీలు తిప్పి మళ్లీ రుద్దుతారు, ఇంకోసారి తిప్పి మళ్లీ. చివర్లో అంచు చుట్టూ ఒకసారి. తర్వాత 6 మిల్లీమీటర్ల కార్క్ బోరర్‌తో అగార్‌లో గుంతలు తీస్తారు. ఒక్కో గుంతలో 100 మైక్రోలీటర్ల మొక్క సారం పడుతుంది. ఒక గుంతలో సారాన్ని కరిగించిన ద్రావకం మాత్రమే పోస్తారు, సాధారణంగా అది డీఎంఎస్ఓ. ఇంకోచోట పేరున్న యాంటీబయాటిక్ బిళ్ల పెడతారు. ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోకి వెళ్తాయి. పొద్దున తలుపు తీయగానే వాసనే చెప్పేస్తుంది ఏది పెరిగిందో. ఇ.కోలి అయితే ముక్కు మూసుకోవాలి. సూడోమోనాస్ అయితే పచ్చటి రంగుతో, ద్రాక్షపళ్ల వాసనతో ఉంటుంది. ప్లేటంతా పలచటి పొరలా పరుచుకున్న బ్యాక్టీరియా మధ్య, గుంత చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ. అదే జోన్. వెనక నుంచి స్కేలు పెట్టి కొలిచి 12 మిల్లీమీటర్లు, 14 మిల్లీమీటర్లు అని నోటు పుస్తకంలో రాసుకుంటారు. అందులో 6 మిల్లీమీటర్లు గుంతదేనని చాలా రిపోర్టులు పాఠకుడికి గుర్తు చేయవు.

అన్నట్టు ఈ ప్లేటు వెనక ఇద్దరు ఆడవాళ్లున్నారు. బ్యాక్టీరియాను పెంచే జిలాటిన్ ఎండాకాలం కరిగిపోతోందని భర్త తలపట్టుకుంటే, వంటింట్లో జెల్లీలకు వాడే అగార్ వాడమని చెప్పింది ఫానీ హెస్సీ. ఆ కబురు రాబర్ట్ కాక్ ల్యాబ్‌కు చేరి సూక్ష్మజీవశాస్త్రం రాతే మారింది. ముల్లర్-హింటన్‌లోని హింటన్ పేరు జేన్. 1941లో ఆ మాధ్యమాన్ని రూపొందించినవాళ్లలో ఒకరైన ఈ నల్లజాతి యువతి ఆ తర్వాత పశువైద్యురాలయ్యారు. రోజూ ఆ డబ్బా మూత తీసేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో!

రెండు వేల రెట్లు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. చాలా ప్రాజెక్టుల్లో సారాన్ని మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కలుపుతారు. అందులోంచి 100 మైక్రోలీటర్లు గుంతలో పోస్తే 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు పోసినట్టు. పక్కన పెట్టిన సిప్రోఫ్లాక్ససిన్ బిళ్లలో ఉండేది 5 మైక్రోగ్రాములు. అక్కడ జోన్ 30 మిల్లీమీటర్లు, ఇక్కడ 15 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 'మా మొక్క సిప్రోలో సగం బలంగా పనిచేసింది' అని రాసేస్తారు. రెండు వేల రెట్లు ఎక్కువ సరుకు పోసిన సంగతి ఎక్కడో 'పద్ధతులు' అధ్యాయంలో చిన్న అక్షరాల్లో నిద్రపోతుంది. పేపర్లో 'యాంటీబయాటిక్‌కు దీటైన ఆకు' అని వచ్చే వార్తల్లో అదైనా ఉండదు.

జోన్ సైజు బలాన్ని చెప్పదు కూడా. అగార్ అంటే నీళ్లతో నిండిన జల్లెడ. నీళ్లలో సులువుగా కరిగే చిన్న అణువు దూరం పాకుతుంది. జిడ్డుగా, పెద్దగా ఉన్న అణువు ఎంత బలమైనదైనా గుంత దగ్గరే చతికిలబడుతుంది. ఒకే మందును, ఒకే మోతాదులో, ఒకే రకం ప్లేటు మీద పోల్చడానికి పుట్టిన పద్ధతి ఇది. బాయర్, కిర్బీ బృందం 1966లో దీన్ని స్థిరపరిచింది ఆస్పత్రుల కోసం. రోగి నుంచి తీసిన క్రిమికి ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి. ఏమేమున్నాయో తెలియని వందల పదార్థాల మిశ్రమాన్ని తూచడానికి కాదు.

అందుకే జోన్ వచ్చాక అడగాల్సిన ప్రశ్న 'ఎన్ని మిల్లీమీటర్లు' అని కాదు, 'ఎంత తక్కువకు చచ్చింది' అని. దానికి వేరే పరీక్ష ఉంది. 96 గుంతల ప్లాస్టిక్ ప్లేటులో మొదటి గుంత నుంచి చివరికి సారాన్ని సగం సగం చేస్తూ పోతారు. అన్నింట్లో ఒకే మోతాదులో బ్యాక్టీరియా వేస్తారు. మర్నాడు రెసజూరిన్ అనే నీలిరంగు చుక్క వేస్తే, క్రిములు బతికి ఉన్న గుంతలు గులాబీ రంగుకు మారతాయి. పెరుగుదల ఆగిన గుంతలు నీలంగానే ఉంటాయి. నీలంగా మిగిలిన చివరి గుంతలో ఎంత సారం ఉందో అదే కనీస నిరోధక గాఢత, ల్యాబ్ భాషలో ఎంఐసీ.

ఇ.కోలి ప్రామాణిక జాతి మీద సిప్రోఫ్లాక్ససిన్ ఎంఐసీ మిల్లీలీటరుకు 0.004 నుంచి 0.016 మైక్రోగ్రాములు. మొక్కల నుంచి వేరుచేసిన శుద్ధ పదార్థాలకు అది మామూలుగా 100 నుంచి 1,000 మైక్రోగ్రాముల మధ్య తేలుతుంది. ముడి సారం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ రంగంలో పెద్దలు దీనికి గీతలు గీశారు. మిల్లీలీటరుకు 1,000 మైక్రోగ్రాములు దాటితే తప్ప పనిచేయని సారాన్ని లెక్కలోకి తీసుకోవద్దని స్పెయిన్‌కు చెందిన రియోస్, రెసియో 2005లో రాశారు. 100 మైక్రోగ్రాముల లోపు పనిచేస్తేనే ముందుకెళ్లమని బెల్జియం బృందం 2006లో ఇంకా గట్టిగా చెప్పింది. మన బీరువాల్లోని రిపోర్టులను ఈ గీతల పక్కన పెట్టి చూస్తే చాలావాటికి నిలిచే బలం ఉండదని నా అనుమానం.

1,000 మైక్రోగ్రాములు అంటే ఒక మిల్లీగ్రామే కదా అనిపిస్తుంది. పెద్దమనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చేరాలంటే 5 గ్రాముల సారం రక్తంలో కరగాలి. ఎండిన ఆకులో పదోవంతు సారంగా దిగిందనుకున్నా 50 గ్రాముల ఎండుటాకు కావాలి. అదీ పేగు మొత్తం పీల్చుకుని, కాలేయం ఏమీ విరగ్గొట్టకుండా, మూత్రపిండాలు ఏమీ బయటికి పంపకుండా, కండరాలు వాటా అడగకుండా ఉంటేనే. పుండు మీద పట్టు వేయడానికి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఎంత సారమైనా పూయవచ్చు. గడ్డి చేమంతి ఆకు నలిపి తెగిన వేలికి రాసుకునే పల్లెటూరి పిల్లాడు ఈ విషయంలో ప్రాజెక్టు గైడు కంటే తెలివైనవాడు. ఆ మొక్క మన ప్రాచీన మూలిక కూడా కాదు, ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన కలుపు.

కషాయమా, మెథనాలా?

ఈ లెక్కలో మొక్కకు అన్యాయం జరిగే చోట్లూ ఉన్నాయి. మొదటిది పేరు దగ్గరే. మూలికల కొట్లో దారుహరిద్ర అడిగితే దక్షిణాదిలో చాలాచోట్ల మాను పసుపు కట్టిస్తారు. ఒకటి హిమాలయాల పొద, ఇంకోటి పడమటి కనుమల తీగ. హిమాలయాల కిరాతతిక్తకు బదులు మన నేలవేము అమ్మడం కూడా పాత అలవాటే. అందుకే పువ్వుతో సహా కొమ్మను ఒత్తి ఆరబెట్టి, వర్గీకరణ శాస్త్రవేత్తతో గుర్తింపు చేయించి, హెర్బేరియంలో నంబరు వేయించాలి. నంబరు లేని రిపోర్టులో ఉన్నది ఏ మొక్కో దేవుడికే తెలియాలి.

రెండోది ద్రావకం. ఆకును నీడలో ఆరబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో గంటల తరబడి హెక్సేన్, ఇథైల్ అసిటేట్, మెథనాల్‌లతో ఒకదాని తర్వాత ఒకటిగా కాస్తారు. జిడ్డు పదార్థాలు మొదటి దాంట్లో, నీటిని ఇష్టపడేవి చివరి దాంట్లో దిగుతాయి. రసాయనికంగా ఇది సబబే. కానీ ఇంట్లో ఎవరూ మెథనాల్ కషాయం తాగరు, తాగితే కళ్లు పోతాయి. ఆయుర్వేదంలో స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని అయిదు పద్ధతులున్నాయి. పిండినది, నూరినది, కాచినది, చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టినది, వేడినీళ్లలో కాసేపు నానబెట్టినది. మెథనాల్ సారం పనిచేసినంత మాత్రాన అమ్మమ్మ కషాయం రుజువైనట్టు కాదు. మెథనాల్ సారం పనిచేయకపోతే అమ్మమ్మ ఓడిపోయినట్టూ కాదు.

వేడి ఎంత పని చేస్తుందో చెప్పడానికి వెల్లుల్లి చాలు. నలగని రెబ్బలో అల్లిసిన్ ఉండదు. నలిపినప్పుడు ఒక ఎంజైము కదిలి అప్పటికప్పుడు తయారవుతుంది. రెబ్బను అలాగే మరిగించారో, ఆ ఎంజైము ముందే చస్తుంది. చైనా శాస్త్రవేత్త తూ యూయూకి తట్టింది కూడా ఇలాంటి విషయమే. ఆర్టెమిసియా సారం ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోతుంటే, నాలుగో శతాబ్దపు గె హోంగ్ వైద్య గ్రంథం తిరగేశారు. మొక్కను నీళ్లలో నానబెట్టి పిండుకుని తాగమని ఉంది అందులో, కాచమని లేదు. వెంటనే తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నంబరు నమూనా ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణచింది. 2015లో నోబెల్ వచ్చింది. అది బ్యాక్టీరియా కథ కాదు గానీ, పాత పుస్తకాన్ని ఎలా చదవాలో చెప్పే కథ.

మూడోచోట మాత్రం మోసం చేసేది మొక్కే. కరక్కాయ, దానిమ్మ తొక్క, నల్లతుమ్మ బెరడు నిండా వగరు. ఆ వగరు టానిన్లది. టానిన్లు కనిపించిన ప్రొటీన్‌నల్లా పట్టుకుంటాయి, తోలును పదును చేసేది ఆ గుణమే. ప్లేటులో అవి బ్యాక్టీరియా ప్రొటీన్లనూ పట్టేస్తాయి. జోన్ బ్రహ్మాండంగా వస్తుంది. ఒంట్లోకి వెళ్తే ముందు నోట్లోని లాలాజలాన్నీ పేగులో ఆహారాన్నీ పట్టుకుంటాయి. పసుపుది ఇంకో తంటా. కర్క్యుమిన్‌కు సొంత రంగుంది, మెరుపుంది. రంగు మార్పుతో, కాంతితో కొలిచే పరీక్షలన్నింట్లో తలదూర్చి లెక్క తారుమారు చేస్తుంది. పైగా పేగు నుంచి రక్తంలోకి చేరేది అత్యల్పం. దాని మీద వచ్చిన వేల పరిశోధనలను తిరగేసిన ఒక రసాయనశాస్త్ర బృందం, పకడ్బందీగా జరిగిన ఏ క్లినికల్ ట్రయల్‌లోనూ అది నెగ్గలేదని 2017లో తేల్చి రాసింది. పసుపు పేటెంటును 1997లో అమెరికాలో రద్దు చేయించాం కదా అంటారు. చేయించాం, సీఎస్ఐఆర్ గట్టిగా పోరాడింది. గాయాలకు పసుపు వాడటం కొత్త సంగతి కాదనీ, మనకు పాతదేననీ అక్కడ తేలింది. ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆ కేసు తేల్చాల్సిన విషయమే కాదు.

ఇంకొకటి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసినా జోన్ వస్తుంది. అన్నింటినీ చంపేది బ్యాక్టీరియానూ చంపుతుంది. అందుకని అదే సారాన్ని మనిషి కణాల మీద, ఎర్ర రక్తకణాల మీద వేసి చూడాలి. మనకు హాని చేసే మోతాదు, క్రిమిని చంపే మోతాదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటేనే ఆ సారం వెంట పడటంలో అర్థం ఉంది. ఈ రెండో ప్లేటు పెట్టే ప్రాజెక్టులు తక్కువ.

చంపకుండా గెలవడం

మొక్క కదిలి పారిపోలేదు. చుట్టూ మట్టినిండా బ్యాక్టీరియా. అయినా మొక్కలు ఆరోగ్యంగానే బతుకుతున్నాయి. అంటే వాటి దగ్గర ఏదో విద్య ఉండాలి, మనం వెతుకుతున్న ఒక్క దెబ్బ మందు అది కాకపోవచ్చు. దారుహరిద్ర జాతి మొక్కలో ఆ విద్య బయటపడింది. అందులోని బెర్బెరిన్ పసుపు రంగు పదార్థం. స్టాఫిలోకాకస్ (స్టాఫ్) బ్యాక్టీరియా లోపలికి అది వెళ్తుంది గానీ నిలవదు. చిల్లుపడిన పడవలోంచి నీళ్లు తోడిపోసినట్టు, నార్-ఎ అనే పంపుతో బ్యాక్టీరియా దాన్ని బయటికి తోడేస్తుంది. 2000లో అమెరికాలో స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందాలు అదే మొక్కలో ఇంకో పదార్థం కనిపెట్టాయి. విడిగా పోస్తే అది ఏ క్రిమినీ చంపదు, జోన్ సున్నా. కానీ పంపును మూసేస్తుంది. రెండూ కలిస్తే బెర్బెరిన్ బలం ఎన్నో రెట్లు పెరిగింది. మామూలు ప్లేటు పరీక్ష అయితే ఆ రెండో పదార్థాన్ని పనికిరానిదని పారబోసేది.

ఇటలీ పల్లెల్లో చర్మ రోగాలకు చెస్ట్‌నట్ ఆకు కడుగు వాడతారు. ఎమరీ విశ్వవిద్యాలయంలో కసాండ్రా క్వేవ్ దాన్ని పరీక్షించినప్పుడు ఆ సారం మందులకు లొంగని మొండి స్టాఫ్‌ను చంపలేదు. బ్యాక్టీరియా ఒకదానికొకటి కబురు పంపుకుని విషాలు వదిలే ఏర్పాటును అడ్డుకుంది. క్రిమి బతికే ఉంది, కోరలు పోయాయి. బ్రిటన్‌లో నాటింగ్‌హామ్ పరిశోధకులు పదో శతాబ్దపు రాతప్రతిలో కంటి కురుపు మందు తీసి అక్షరం పొల్లుపోకుండా చేశారు. వెల్లుల్లి, దాని జాతిదే ఇంకో దుంప, ద్రాక్ష సారా, ఎద్దు పైత్యరసం కలిపి తొమ్మిది రాత్రులు ఉంచాలి. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ మందు మొండి స్టాఫ్‌ను చంపింది. దేనికదే విడిగా పోస్తే అంత పని జరగలేదు. త్రిఫలను మూడు కాయలుగా విడదీసి మూడు ప్రాజెక్టులు చేసే మనకు ఇందులో పని చాలా ఉంది.

పైగా మన దగ్గర క్రిములకూ కొదవ లేదు. స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. బిళ్ల మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా ఎంత రాటుదేలి ఉంటుందో వేరే చెప్పాలా? మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ అంచనా. అయినా మన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం చండీగఢ్ సూక్ష్మజీవుల భాండాగారం నుంచి తెప్పించిన ప్రామాణిక జాతుల దగ్గరే ఆగిపోతాయి. తూకం సరిచూసుకోవడానికి అవి కావలసిందే. మందు కావలసింది మాత్రం ఆస్పత్రి వార్డులో ఉన్నదానికి.

ఆ క్రిమి మీద పాత మందుకు మొక్క తోడుపడుతుందో లేదో చూసే పరీక్ష ఖరీదైనదేమీ కాదు. అదే 96 గుంతల ప్లేటు తీసుకుని అడ్డంగా పాత యాంటీబయాటిక్‌ను, నిలువుగా మొక్క సారాన్ని సగం సగం తగ్గిస్తూ పోస్తారు. చదరంగం బల్లలా ప్రతి గడిలోనూ రెండూ వేర్వేరు పాళ్లలో కలుస్తాయి. ఉదాహరణకు యాంటీబయాటిక్ ఒంటరిగా 32 మైక్రోగ్రాములకు పనిచేసి, సారం తోడుంటే 4కే పనిచేసిందనుకోండి, అది ఎనిమిదో వంతు. సారం కూడా 1,024 నుంచి 128కి దిగితే అదీ ఎనిమిదో వంతు. రెండూ కూడితే 0.25. ఈ కూడిక 0.5 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే రెండూ ఒకదానికొకటి సాయపడుతున్నట్టు. 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొడుతున్నట్టు. ఈ రెండో ఫలితాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు, ప్రాజెక్టు పాడైందనుకుంటారు. ఆస్పత్రిలో రాసిచ్చిన యాంటీబయాటిక్ మింగి, గంట ఆగి ఇంట్లో కాచిన కషాయం తాగే జ్వరం మనిషి మన ఊళ్లలో వీధికొకరు ఉన్నారు. వాళ్ల డాక్టరుకు ముందుగా తెలియాల్సింది ఆ 4 దాటిన మొక్కల జాబితానే.